సార్ పేరు మీద లాగిన్

"ప్రియమైన రాధాకృష్ణ, ఎదుటివాళ్ల మాట మీలా వినే మేనేజర్‌ని నేను ఈమధ్య కాలంలో చూడలేదు" అని మార్గరెట్ మెయిల్ రాసింది.

చదివి, కుర్చీలో కాస్త నిటారుగా సర్దుకున్నాను. ఎందుకంటే ఆ రాధాకృష్ణని నేనే. అసలు రాధాకృష్ణ గారు అప్పుడు గాజు గదిలో ఫోన్ పట్టుకుని ఎవరో సప్లయర్‌ని తిడుతున్నారు. అవతలివాడికి ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వడం లేదు.

మా కంపెనీ దుబాయ్‌లో లేస్తున్న టవర్లకి ఏసీ డక్టులు, పైపులు, కరెంటు పనులు చేస్తుంది. 2007లో కట్టడాలు ఎంత వేగంగా లేస్తున్నాయంటే, సెలవుకెళ్లి వచ్చినవాడికి ఆఫీసు దారి తెలిసేది కాదు. ఆ ఊపులో మా కఫీల్, అంటే కంపెనీ యజమాని అయిన అరబ్బు, ఏదో హోటల్లో జరిగిన సెమినార్‌కి వెళ్లొచ్చాడు. వచ్చీ రాగానే మేనేజర్లందరికీ సర్టిఫికెట్ ఉండాలన్నాడు. కెనడాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నెట్ మీద నేర్పుతుందట. ప్రాజెక్ట్ లీడర్‌షిప్, కమ్యూనికేషన్. పాసైనవాళ్లకే డైరెక్టర్ కుర్చీ.

ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచారు.

"ఆమనీ, ఇలా రామ్మా. ఇదేదో కోర్సంట. కాస్త చూసిపెట్టు."

"చూసిపెట్టడమంటే ఏంటి సార్?"

"నా మెయిళ్లన్నీ రాసేది నువ్వే కదమ్మా. దీన్నీ ఒక మెయిలనుకో. కాస్త పొడుగు మెయిలు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గల్ఫ్ ఆఫీసుల్లో పెద్దవాళ్ల మెయిళ్లు పెద్దవాళ్లు రాయరు. సార్ నోటితో "ఆ వెధవకి గట్టిగా పెట్టు" అంటారు, నేను "మీ దృష్టికి తీసుకురావడానికి చింతిస్తున్నాము" అని రాస్తాను. సంతకం ఆయనది, చింత నాది.

నేను వరంగల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ప్లానింగ్ ఇంజనీర్ అని చెప్పి పిలిపించి, వచ్చాక డాక్యుమెంట్ కంట్రోలర్ కుర్చీలో కూర్చోబెట్టారు. డ్రాయింగ్ వస్తే ముద్ర వేయడం, నంబరు వేయడం, ఫైల్లో పెట్టడం. మా నాన్నకి సార్ ఎవరి ద్వారానో తెలుసు. నేను బయల్దేరే ముందు ఫోన్ చేసి, "ఆడపిల్ల, ఒక్కతే వస్తున్నది సార్. మీ చేతుల వెడుతున్న. మీ బిడ్డె అనుకోండ్రి" అన్నాడు. సార్ ఆ మాటని ఒప్పంద పత్రంలో షరతులా తీసుకున్నారు. జీతం పెంచమని అడిగితే, "ఇంట్లో పిల్లకి ఎవరైనా జీతం పెంచుతారటమ్మా" అని నవ్వుతారు. సెలవు రోజైన శుక్రవారం కూడా రమ్మంటారు, ఇంటి పని అన్నట్టే. దానికి బదులుగా వాళ్లావిడ కామాక్షి ఆంటీ స్టీలు డబ్బాలో గోంగూర పచ్చడో, పులిహోరో పంపిస్తుంది.

ఆ డబ్బాతో పెద్ద చిక్కు. మనవాళ్లలో ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. నాకేమో వంట రాదు. సత్వాలో మేం ఉండే గదిలో పొయ్యి నలుగురికి వంతు. అందుకని పంచదార పోసి ఇచ్చేదాన్ని. పంచదార వెళ్లిన డబ్బా మళ్లీ పచ్చడితో వచ్చేది. ఆ రాకపోకలకి అంతు లేదు. ఒక్కోసారి నన్ను ఈ దేశంలో పట్టి ఉంచింది వీసా కాదు, ఆ డబ్బాయే అనిపించేది.

కోర్సు మొదటి పాఠంలోనే, "మీరు ఎవరి మాటైనా వినకుండా వదిలేసిన సందర్భం రాయండి" అన్నారు. సార్‌ని అడిగాను.

"నేను వినకపోవడమేంటమ్మా? అందరూ వచ్చి నాకే చెప్తారు."

"ఒక్కటైనా గుర్తు చేసుకోండి సార్."

"నువ్వే ఏదో ఒకటి రాసెయ్. నీకు తెలియందేముంది."

ఆ వారం ఆయన కుటుంబం వీసాలు రెన్యూ చేయించే కాగితాలు నా బల్ల మీదున్నాయి. కామాక్షి ఆంటీ పాస్‌పోర్ట్ కాపీలో వీసా పేజీ మీద అచ్చేసి ఉంది: గృహిణి, పని చేయుటకు అనుమతి లేదు. ఆవిడ తెనాలిలో కాలేజీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పేదని ఒకసారి మాటల్లో విన్నాను. ఇంకేం, సార్‌నై కూర్చుని రాసేశాను. "నా భార్య లెక్చరర్‌గా పనిచేసేది. దుబాయ్ వెళదామని నేనన్న రోజు సరే అంది. ఆ సరే వెనకాల ఏముందో నేను అడగలేదు. ఇవాళ్టికీ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం."

టీ చల్లారేలోపు అయిపోయింది. కోర్సు టీచరు మార్గరెట్‌కి తెగ నచ్చింది. సార్ పైనున్న మార్కులు చూసి, కింది రాత చూడకుండా, "దీన్నొక ప్రింట్ తీసివ్వమ్మా, మీ ఆంటీకి చూపిస్తాను, నేను చదవట్లేదని ఒకటే ఎగతాళి" అన్నారు. తీసిచ్చాను. ఆ కాగితం ఆ ఇంట్లో ఏం చేస్తుందన్నది నాకు తట్టనే లేదు.

ఒక సంగతి దాచనక్కర్లేదు. నాకా కోర్సు బాగుండేది. రోజంతా "ఆ డ్రాయింగ్ ఎక్కడ, ఈ ముద్ర ఎక్కడ" అనే మాటలే. సాయంత్రం లాగిన్ అయితే మార్గరెట్, "ఈ విషయంలో మీరేమనుకుంటున్నారు?" అని అడిగేది. ఆ మాట దుబాయ్‌లో నన్నెవరూ అడగలేదు. అడిగింది సార్‌నే అనుకోండి. అయినా జవాబు నాదే కదా.

అలా సాగుతుండగా అబుదాబిలో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ప్లానింగ్ ఇంజనీర్. వీసా మీద కూడా ఇంజనీర్ అనే వేస్తామన్నారు. నెలాఖరులోగా ఇప్పటి కంపెనీ నుంచి రిలీజ్ లెటర్ తేవాలి, తేలేకపోతే వరసలో ఉన్న ఇంకొకరిని తీసుకుంటామని కూడా చెప్పారు.

మా ఆఫీసులో పాస్‌పోర్టులన్నీ ఇమామ్ హుస్సేన్ భాయ్ బీరువాలో ఉంటాయి. లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఆయనదే, రాయచోటి మనిషి. చాటుగా వెళ్లి అడిగాను.

"రిలీజ్ ల్యాకుండా పోతే బ్యాన్ పడతాది మేడమ్. ఆర్నెల్లు ఈడికి రానియ్యరు. ఆపైన ఎవురిస్తారు ఉద్యోగం? ఖలాస్."

"సంతకం ఎవరు చెయ్యాలి భాయ్?"

"ముదీర్ సంతకం, అంటే మేనేజర్‌ది, కంపెనీ ముద్ర. రెండూ మీ సారు కాడనే ఉండాయి. ఆయప్ప మంచిగా ఉన్నప్పుడు చూసి అడగండి." బీరువా తాళం వేసి మళ్లీ అన్నాడు. "అట్లాంటప్పుడు యాడైనా కనపడితే నాకూ సెప్పండి. నా సెలవు కాగితం కూడా పెండింగుంది."

గదికి వెళ్లి తబితాకి చెప్పాను. తబితా నా పై బెర్త్. ఆస్పత్రిలో నర్సు, పాలకొల్లు పిల్ల. మనసులో ఉన్నది నోటికి రావడానికి దానికి దారి ఖర్చు లేదు.

"అడిగేస్తే ఏం పోద్దే? మీ సారేం పులా?"

"పులి అయితే మంచిగుండు. అరుస్తడు, స్టాప్లర్ ఇసిరేస్తడు. పోయినేడు ఒక సైట్ ఇంజనీర్ రిలీజ్ అడిగితే లిఫ్ట్ దాంక ఇనవడ్డది ఆయన అరుపు."

"మరి ఇచ్చాడా?"

"ఆకరికి ఇచ్చిండు. అతను లేబర్ ఆఫీస్‌ల కేసు పెడ్తనన్నడు. ఆఫీసంత అతని దిక్కే ఉండె."

"అయితే నువ్వూ అరిపించుకో. నెత్తి మీద టోపీ పెట్టుకెళ్లు, స్టాప్లర్‌కి."

నా దగ్గర అంతకంటే మంచి ఉపాయం ఉందనుకున్నాను. కోర్సులో తర్వాతి పని: మీ దగ్గర పనిచేసే ఒకరితో కష్టమైన విషయం మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసి పంపండి.

"ఎవరితో మాట్లాడతారు సార్?"

"నువ్వున్నావుగా."

"విషయం?"

"నీ ఇష్టం. రాసేది నువ్వేగా."

రాశాను. ఇద్దరి మాటలూ రాశాను. ఉద్యోగి వచ్చి వేరే చోట అవకాశం వచ్చింది, వెళతానంటుంది. మేనేజర్ వింటాడు. ఆమె చెప్పింది తన మాటల్లో తిరిగి చెబుతాడు. ఆమెకి ఎలా అనిపిస్తోందో గుర్తిస్తాడు. చివర్లో సరేనంటాడు. ఆ నోటితో ఒక్కసారి సరే అనిపిస్తే, రికార్డింగ్ ఆపేశాక కాదనడం కష్టమవుతుందని నా లెక్క. పాఠాలు చదివినవాళ్లకి ఇలాంటి నమ్మకాలే వస్తాయి.

మీటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. సార్ కళ్లజోడు పెట్టుకుని కాగితం పట్టుకున్నారు. నేను ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టాను. నాటకం ఇంగ్లిష్‌లో.

"సార్, నేను ఈ ఉద్యోగం వదిలి వెళ్లాలనుకుంటున్నాను" అన్నాను. నేను రాసిన వాక్యమే. అయినా, ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

సార్ అద్భుతంగా చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు. "నువ్వు వెళ్లాలనుకుంటున్నావని నేను విన్నాను" అన్నప్పుడు కళ్లజోడు తీసి నావైపు చూశారు కూడా. కాగితంలో అది రాయలేదు. "నువ్వు నా కూతురు లాంటిదానివి" అన్న మాట మాత్రం ఆయనే చేర్చారు. ఒకసారి కాదు, గుర్తొచ్చినప్పుడల్లా. చివరి వాక్యం దగ్గరకొచ్చేసరికి గొంతు మెత్తబడింది. "వెళ్లు. నీకు నా సహకారం ఉంటుంది."

రికార్డింగ్ ఆపాను.

"బానే వచ్చింది కదమ్మా?"

"బాగా వచ్చింది సార్. సార్, ఇందులో నేను చెప్పింది నిజం. అబుదాబిలో ఆఫర్ వచ్చింది. రిలీజ్ లెటర్ కావాలి."

అరుపు కోసం భుజాలు బిగపట్టుకుని కూర్చున్నాను. బల్ల మీద స్టాప్లర్ ఎక్కడుందో కూడా చూసుకున్నాను.

అరుపు రాలేదు. సార్ కళ్లజోడు మళ్లీ తీశారు. నావైపు చూశారు. కాసేపు ఆగారు, నేను నేర్పిన చోట ఆగినట్టే.

"నువ్వు వెళ్లాలనుకుంటున్నావని నేను విన్నానమ్మా."

బల్ల మీది కాగితం వైపు చూశాను. ఆయన దాన్ని ఎప్పుడో బోర్లించేశారు.

"ఈ మాట నాతో చెప్పడానికి నువ్వెంత మథనపడి ఉంటావో నాకు అర్థమవుతోంది. నీ చదువుకి తగ్గ పని ఇక్కడ లేదని నీకనిపిస్తోంది. అలా అనిపించడం సహజం. అవునా?"

"అవును సార్."

"నిజాయితీగా చెప్పినందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను."

మొదటి నుంచి చివరిదాకా నా వాక్యాలే. ఇంగ్లిష్ పోయి తెలుగు వచ్చింది, అంతే. ఆ 'మథనం' అన్న ఒక్క ముక్కకి ఇంగ్లిష్ మాట కోసం నేను రెండు నిఘంటువులు వెతికాను.

"కానీ ఇప్పుడు కుదరదమ్మా. ఈ కోర్సు అవ్వగానే పైది ఉందట, అడ్వాన్స్‌డు. కఫీల్ నా పేరు ఇచ్చేశాడు. పైగా అబుదాబిలో నిన్నెవరు చూసుకుంటారు? మీ నాన్నకి నేనేం చెప్పను? కాదన్నందుకు నీకు బాధగా ఉంటుంది. ఆ బాధని నేను గౌరవిస్తాను."

అది నాలుగో పాఠం, కఫీల్ అడిగితే చెప్పడానికని నా చేత చదివించుకున్నది. లేదని చెప్పాల్సి వస్తే దాచకుండా, ఎదుటివాళ్ల బాధని గుర్తించి చెప్పాలి.

లేచి నిలబడ్డాను. పోట్లాడదామంటే పట్టు దొరకలేదు. అరిస్తే అరిచాడని నలుగురికీ చెప్పుకోవచ్చు, కేసు పెడతాననొచ్చు. గౌరవించాడని ఎవరికి ఫిర్యాదు చెయ్యను? తలుపు దగ్గర ఉండగా వెనక నుంచి, "డబ్బా గుర్తుందా అమ్మా, మీ ఆంటీ అడుగుతోంది" అన్నారు.

విషయం విని తబితా మంచం మీద వెల్లకిలా పడి నవ్వింది.

"నీ వేలితో నీ కన్నే పొడిచాడు కదే మీ సారు."

"నవ్వకు."

"నవ్వకేం చెయ్యను? ఇన్నాళ్లూ పలుపు మొరటుగా ఉంటే నువ్వే కూర్చుని పట్టుతాడు నేసిచ్చావు. మెడకి మెత్తగా ఉందా?"

"తబితా."

"సరే సరే. రేపు మీటింగులో నీ గురించి ప్రార్థన చేయిస్తాలే. ఏమని చెప్పను? 'మా గదిలో ఉండే సహోదరి తను రాసిన మాటలకి తనే దొరికిపోయింది, విడిపించు ప్రభువా' అననా?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను కూడా. తబితా ఇంకేం మాట్లాడకుండా దిగొచ్చి తన వంతు పొయ్యి మీద నాకు కూడా అన్నం పెట్టింది.

మర్నాడు రికార్డింగ్ పంపేశాను. పంపక చస్తానా. మార్గరెట్ నుంచి పూర్తి మార్కులు వచ్చాయి. కింద ఒక మాట రాసింది. "రాధాకృష్ణ, ఆమె మీ కూతురు లాంటిదని పదే పదే అన్నారు. ఆఫీసులో మీ కూతురిలా ఉండటం ఆమెకి ఇష్టమేనా అని ఎప్పుడైనా అడిగారా? ఆమె నిజంగా వెళ్లిందా?"

ఆ ప్రశ్నకి సార్ పేరుతో నేను జవాబు రాయాలి. వెళ్లింది అని టైప్ చేశాను. చెరిపేశాను. "వెళ్లనివ్వలేదు" అని రాశాను. మార్గరెట్ తిరిగి, "అయితే తర్వాతి పాఠం మీకు పనికొస్తుంది" అని మాత్రం రాసింది.

ఆ పాఠం సారాంశం ఏంటంటే, ఒక నిర్ణయం మారాలంటే ఆ మనిషితో తలపడి లాభం లేదు, ఆ మనిషి ఎవరి మాట కాదనలేడో చూడాలి. మీ జీవితంలో అలాంటి వ్యక్తి ఎవరో రాయండి. నేను గాజు గదిలోకి వెళ్లి మామూలుగా అడిగాను.

"సార్, కోర్సుకి కావాలి. మీరు ఎవరి మాట కాదనలేరు?"

ఆయన చెక్కుల మీద సంతకాలు పెడుతూ తల ఎత్తకుండానే అన్నారు. "ఇంకెవరమ్మా, మీ ఆంటీ. కఫీల్ కంటే ముందు ఆవిడకే భయపడతాను. అది రాయకు మళ్లీ."

రాయలేదు. శుక్రవారం డబ్బా తీసుకుని కరామాలో వాళ్లింటికి వెళ్లాను. సార్ కఫీల్‌తో సైటుకి వెళ్లారని తెలిసే వెళ్లాను.

కామాక్షి ఆంటీ తలుపు తీసి డబ్బా అందుకుని బరువు చూసింది.

"మళ్లీ పంచదారేనా? మా ఇంట్లో చీమలకి నువ్వంటే మహా ఇష్టం అమ్మాయ్. కూర్చో."

ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. చెయ్యడానికి ఇంకో పని లేని ఇల్లు అలాగే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగ్ ఏసీ డబ్బాలు, వాటి మీద పావురాలు. కాఫీ ఇచ్చింది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న వాక్యాలు మొదలుపెట్టాను. ముందు ఆవిడ చేత మాట్లాడించాలి, విన్నది తిరిగి చెప్పాలి.

"ఇంట్లో బాగానే కాలక్షేపం అవుతోందా ఆంటీ?"

"ఏం కాలక్షేపం. పొద్దున్న వండటం, సాయంత్రం వండటం."

"అంటే మీకు రోజంతా ఒకేలా గడుస్తోందనిపిస్తోందన్నమాట."

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"నా మాట నాకే తిప్పి చెప్పకు ఆమనీ. ఈయనా ఈమధ్య అదే జబ్బు. కూరలో ఉప్పు తక్కువైందా అంటే, 'ఉప్పు గురించి నీకు ఆందోళనగా ఉందని విన్నాను' అంటాడు. నీ దగ్గర్నుంచే అంటుకుందని నాకు తెలుసు."

మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాను.

ఆవిడ లేచి వెళ్లి బీరువా తీసి ఒక కాగితం తెచ్చింది. మొదటి పాఠం తాలూకు ప్రింట్. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర నలిగి ఉంది.

"ఇది రాసింది నువ్వే కదూ?"

"ఆంటీ..."

"ఆయన కామా పెట్టడు. ఆయన రాతలో ఊపిరి ఆడదు. పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, ఆమాత్రం పోల్చుకోలేనా." కాగితం ఒళ్లో పరుచుకుని చేత్తో సాపు చేసింది. "కానీ ఒక పూట నమ్మాను. ఆయన రాత కాదని తెలిసి కూడా నమ్మాను. 'సరే వెనకాల ఏముందో నేను అడగలేదు.' ఇది చదివి పొయ్యి ఆపేసి కూర్చున్నాను. సాయంత్రం ఆయనొస్తే అడిగాను, ఈ మాట నిజంగా అనిపించిందా అని. 'ఏ మాట?' అన్నాడు."

నేను టవర్లకి డ్రాయింగులు సర్దుతాను. ఏ పైపు ఎక్కడికి వెళుతుందో చూడకుండా కాగితం పంపకూడదని నాకు తెలుసు. ఈ ఒక్క కాగితం విషయంలో అది మర్చిపోయాను.

"తప్పయింది ఆంటీ. మీ వీసా కాగితం చూసి, ఊహించి రాశాను."

"ఊహ బాగానే ఉంది. అదే నా బాధ." కాగితం మళ్లీ మడిచింది. "ఇప్పుడు వచ్చిన పనేంటో చెప్పు. పంచదార ఇవ్వడానికి శుక్రవారం పూట ఎండలో రావు కదా."

చెప్పాను. పాఠాలు లేవు, లెక్కపెట్టుకుని ఆగడం లేదు. అబుదాబి, ఇంజనీరు ఉద్యోగం, నెలాఖరు, బీరువాలో పాస్‌పోర్ట్. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయ్యాక అంది.

"నిన్ను వదిలితే ఆయన కోర్సు ఎవరు రాస్తారు? అదీ ఆయన భయం. మీ నాన్న, నీ భద్రత, ఇవన్నీ పైపూత."

"అవును ఆంటీ."

"ఇంకా ఎంత మిగిలింది అందులో?"

"ఇది సగానికి పైనే అయింది. తర్వాత అడ్వాన్స్‌డ్ ఉంది."

"రోజూ రాయాలా?"

"వారానికొకటి. మధ్యలో మార్గరెట్ అని ఒకావిడ ఉత్తరాలు రాస్తుంది. వాటికి జవాబులివ్వాలి."

"ఆవిడ తిరిగి రాస్తుందా? చదివి, ఏమన్నామో చూసి రాస్తుందా?"

"ప్రతి లైనూ చదువుతుంది ఆంటీ."

కామాక్షి ఆంటీ కిటికీవైపు చూసింది. పావురాల వైపే చూస్తోందో, ఇంకెక్కడికైనా చూస్తోందో తెలియలేదు. తర్వాత కొంగు నడుముకి దోపుకుంది, క్లాసులోకి వెళ్లబోయే మనిషిలా.

"ఆ కోర్సు నేను రాస్తాను. పని చేయడానికి నాకు అనుమతి లేదు. మా ఆయనై చదువుకోడానికి ఎవరి అనుమతి అక్కర్లేదుగా."

"సార్ ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోవడమెందుకు? ఆయన కోర్సు ఆయన రాయట్లేదని కఫీల్‌కి చెప్పేద్దామా, అమ్మాయిని వదులుదామా అని అడుగుతాను. వినే మనిషి కదా, వింటాడు."

ఆదివారం సార్ నన్ను పిలిచారు. బల్ల మీద రిలీజ్ లెటర్ ఉంది. నేను ఎప్పుడో రాసి, ఎవరికీ చూపించకుండా కంప్యూటర్లో పెట్టుకున్నదే. ఆయనే ప్రింట్ చేయించారు. నా ఫోల్డర్ తెరవడం ఆయనకి వచ్చని అప్పుడే తెలిసింది.

"బాగా ఆలోచించానమ్మా" అన్నారు. "నాయకుడనేవాడికి మనుషుల్ని పట్టుకోవడమే కాదు, వదలడమూ తెలియాలి."

అయిదో పాఠానికి జవాబు, రెండో పేరా. నేనే రాశాను.

"ఎంత మంచి మాట సార్."

"నాకే తట్టింది." సంతకం పెట్టారు. ముద్ర తీసి, సిరా తడి ఉందో లేదో వేలితో చూసుకుని, గట్టిగా నొక్కారు. కాగితం చేతికిస్తూ గొంతు తగ్గించారు. "మీ ఆంటీతో ఏం మాట్లాడావు?"

"ఏం లేదు సార్. విన్నాను, అంతే."

ఆయన అప్పుడు నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఇంట్లో ఒకరి నుంచి తప్పించుకుని ఆఫీసుకొచ్చే మనిషికి, ఆఫీసు కూడా ఇంట్లో కలిసిపోయిందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

వెళ్లే ముందు ఆఖరి డబ్బా తిరిగి పంపాలి. పంచదార పోశాను. దాని మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక చీటీ పెట్టాను. సార్ లాగిన్, పాస్‌వర్డ్. మూత బిగించి సార్ డ్రైవర్ చేతికిచ్చాను. తబితా చూసి, "దేవుడికి స్తోత్రం, ఇంక పంచదార కొనక్కర్లేదు" అంది.

ఇప్పుడు అబుదాబిలో బనియాస్ దగ్గర ఇంకో గదిలో, ఇంకో కింది బెర్త్‌లో ఉంటున్నాను. చేరిన రోజే పాస్‌పోర్ట్ తీసుకున్నారు. ఇక్కడ బీరువా కాస్త కొత్తది. వీసా మీద ఇంజనీర్ అని ఉంది. పని కూడా చాలావరకు అదే. మొన్న మా కొత్త మేనేజర్ వచ్చి, "నీ ఇంగ్లిష్ బాగుందట కదా" అన్నాడు. నేను లేదు సార్ అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఆ సాయంత్రం ఊరికే, చేతి అలవాటుగా, కోర్సు సైట్ తెరిచి సార్ పేరు కొట్టాను. మార్గరెట్ ఏం రాసిందో చూద్దామనిపించింది. అంతకుమించి ఏం లేదు. ఇక నన్ను అడగని ఆ ప్రశ్నలు ఎలా ఉన్నాయో చూద్దామని.

పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది.

మళ్లీ కొట్టాను. తప్పు. ఇంకోసారి తప్పు కొడితే ఖాతా మూతపడుతుందని ఎర్రక్షరాల్లో హెచ్చరిక. కామాక్షి ఆంటీ పాస్‌వర్డ్ మార్చేసింది. నాకు చెప్పలేదు, ఎందుకు చెప్పాలి. ఆ తెర వెనకాల ఆవిడ కూర్చుని, కామాలు సరిగ్గా పెట్టుకుంటూ, మార్గరెట్‌కి జవాబు రాస్తూ ఉంటుంది.

వేలు తీసేసి, కిటికీ మూసినట్టు ఆ పేజీ మూసేశాను.